చిన్నపిల్లలకు బోధించే చదువు చదువుతున్న మన ఆడవాళ్ళ తరఫున: కాలిఫోర్నియా తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

కాలిఫోర్నియాలోని తెలుగు సంఘాల అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు నమస్కారం.

సంక్రాంతికీ ఉగాదికీ మీరు చేసే కార్యక్రమాలకు వచ్చే కుటుంబాల్లో మాదీ ఒకటి. శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర ఈస్ట్ బేలో ఒక ప్రీస్కూల్లో రెండేళ్ళ పిల్లల గదిలో టీచర్‌గా పనిచేస్తున్నాను. ఇందుకు కావలసిన చదువు, అంటే చిన్నపిల్లల ఎదుగుదల, బోధన గురించిన బాల్య విద్య, ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో చదివాను. మీరు పెట్టే ఉద్యోగ సదస్సులకు వచ్చాను. డేటా సైన్స్, క్లౌడ్, క్వాలిటీ టెస్టింగ్, రియల్ ఎస్టేట్ లైసెన్స్, అన్నిటి గురించీ చెప్పారు. ఈ చదువు మాట అక్కడ ఎన్నడూ రాలేదు. భోజనాల దగ్గర నేనే ఎత్తితే, "మంచిదమ్మా, ఇంట్లో ఊరికే కూర్చోకుండా టైంపాస్ అవుతుంది" అన్నవాళ్ళే ఎక్కువ. అన్నవాళ్ళకు చెడ్డ ఉద్దేశం లేదు. కానీ ఆ మాట వల్ల ఈ వృత్తిలోకి రావలసిన మన ఆడవాళ్ళు రావడం లేదు, వచ్చినవాళ్ళకు ఇంట్లో ఆసరా దొరకడం లేదు. మన పిల్లలు రోజుకు ఎనిమిది గంటలు ఎవరి చేతుల్లో పెరుగుతున్నారన్న దానికి మన సంఘాలు విలువ కట్టడం లేదు. అందుకే రాస్తున్నాను.

సాయంత్రం క్లాసులో మాతో మెక్సికో వాళ్ళు, ఫిలిప్పీన్స్ వాళ్ళు, చైనా వాళ్ళు, అఫ్గాన్ వాళ్ళు కూర్చునేవారు. మనవాళ్ళలో ఎక్కువమంది హెచ్-1బీ మీద పనిచేసే భర్తతో పాటు హెచ్-4 వీసా మీద వచ్చినవాళ్ళు. బీటెక్‌లు, ఎంసీఏలు, బీకాంలు. ఊళ్ళో ఉద్యోగం వదులుకుని వచ్చినవాళ్ళు. వీళ్ళలో చాలామందికి రెండు సంగతులు ఎవరూ చెప్పలేదు. హెచ్-4 మీద ఉంటే చదువుకోవడానికి విద్యార్థి వీసా ఎఫ్-1కి మారనక్కర్లేదు. కాలిఫోర్నియాలో ఏడాదికి పైగా స్థిరంగా ఉంటున్నట్టు కాగితాలు చూపగలిగితే రాష్ట్ర నివాసుల ఫీజే వర్తిస్తుంది. కోర్సు ఎంత పెద్దదో యూనిట్లలో లెక్కిస్తారు. కమ్యూనిటీ కాలేజీలో ఆ ఫీజు యూనిట్‌కి 46 డాలర్లు, 2012 నుంచీ అంతే. మూడు యూనిట్ల కోర్సుకి 138 డాలర్లు. ఇది తెలియక ఏళ్ళకు ఏళ్ళు ఇంట్లో ఉండిపోయినవాళ్ళను నేను చూశాను. మీ వాట్సాప్ గ్రూపుల్లో ఒక్క మెసేజ్ పెడితే తెలిసిపోయే విషయం ఇది.

ఇంతకీ ఏం నేర్పుతారు అక్కడ? పిల్లల్ని పెంచడం తల్లికి తెలియదా, దానికో కాలేజీ ఎందుకని మీలో కొందరికి అనిపిస్తుంది. నా అత్తగారూ అదే అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

మొదటి సెమిస్టర్‌లో మాకు నేర్పింది చూడటం. ఒక పిల్లవాణ్ణి కాసేపు దూరంగా కూర్చుని గమనించి, కనిపించింది కనిపించినట్టు రాయాలి. "మొండికేశాడు", "సిగ్గుపడ్డాడు", "అల్లరి చేశాడు" అని రాస్తే పేపరు వెనక్కి వచ్చేది. "ఎర్ర ట్రక్కును రెండు చేతులతో ఛాతీకి అదుముకున్నాడు, పక్క పిల్ల చెయ్యి చాపగానే అటు వీపు తిప్పి గోడవైపు నిలబడ్డాడు" అని రాయాలి. మొదట్లో ఇది అనవసరపు శ్రమ అనిపిస్తుంది. అలాంటి కాగితాలు వారం పాటు రాసి పక్కపక్కన పెట్టుకుంటే, ఆ పిల్లవాడు పొద్దున పూట బొమ్మలు ఇచ్చేస్తున్నాడనీ, మధ్యాహ్నం నిద్రకు ముందు మాత్రమే ఇవ్వడం లేదనీ తెలుస్తుంది. అప్పుడు అరగంట ముందే నిద్రపుచ్చితే గొడవ సగం తగ్గుతుంది. "మొండివాడు" అన్న మాట దగ్గరే ఆగిపోతే ఆ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. రాష్ట్ర నిధులతో నడిచే కేంద్రాల్లో ప్రతి పిల్లకూ ఇలాంటి గమనింపుల ఆధారంగా డీఆర్‌డీపీ అనే అంచనా పత్రం ఆరు నెలలకోసారి నింపాలి. ఆ పత్రం నింపడం రావాలంటే ముందు కళ్ళు తయారవ్వాలి.

ఈ చూపు వల్ల తేలే పెద్ద విషయం ఇంకొకటుంది. రెండేళ్ళు దాటినా మాటలు రాని పిల్లవాడు, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడని పిల్ల, వేలితో దేన్నీ చూపించని పిల్ల మా గదుల్లోకి వస్తారు. రోగం పేరు చెప్పడం టీచర్ పని కాదు, చెప్పకూడదు. చూసింది చూసినట్టు తల్లిదండ్రులకు చెప్పి, పరీక్ష చేయించమని అడగడం మా పని. మన ఇళ్ళల్లో దానికి వచ్చే జవాబు మీకు తెలుసు: "మగపిల్లలకు మాటలు ఆలస్యంగా వస్తాయిలెండి, వాళ్ళ నాన్నకూ నాలుగేళ్ళకే వచ్చాయి." కాలిఫోర్నియాలో మూడేళ్ళలోపు పిల్లలకు ఎదుగుదలలో ఇబ్బందులున్నవారికి సాయపడే రీజనల్ సెంటర్ల ద్వారా ఎర్లీ స్టార్ట్ అనే కార్యక్రమం ఉంది. పరీక్ష ఉచితం. మూడేళ్ళు దాటితే ఆ బాధ్యత ప్రభుత్వ బడులను నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్‌ది. ఎదురుచూసిన ప్రతి నెలా ఆ పిల్లకు నష్టమే. ఇదే మాట ఇంగ్లీషులో, అపాయింట్‌మెంట్ పెట్టి, ఫారం చేతికిచ్చి చెబితే మన తల్లి బెదిరిపోతుంది. తెలుగు తెలిసిన టీచర్ సాయంత్రం పిల్లను అప్పగిస్తూ, "అక్కా, ఒక్క నిమిషం కూర్చుందామా" అని మొదలుపెడితే ఏడుస్తుంది, కానీ వింటుంది. మరుసటి వారం ఫోన్ చేస్తుంది. అందుకే ఈ చదువు మనవాళ్ళు చదవాలంటున్నాను.

భోజనం వేళ సంగతి కూడా చెప్పాలి. ఇక్కడి ప్రీస్కూళ్ళలో ఏడాదిన్నర పిల్ల కూడా తనంతట తాను తినాలని చూస్తారు. మన పిల్లలకు ఇంట్లో అమ్మమ్మ గోరుముద్దలు పెడుతుంది. విజిటర్ వీసా ఆరు నెలలు అయిపోయి అమ్మమ్మ విమానం ఎక్కిన వారానికే పిల్లను మా దగ్గర చేరుస్తారు. ఆ పిల్ల పళ్ళెం ముందు కూర్చుని, నోరు తెరిచి ఎదురుచూస్తుంది. ఈ చదువు లేని చోట దాన్ని వెనకబాటుగా రాస్తారు: సొంతంగా తినడం రాదు, కండరాల పట్టు లేదు అని. మా కోర్సుల్లో ఒకటి పూర్తిగా పిల్ల, కుటుంబం, చుట్టూ ఉన్న సమాజం గురించే. చేత్తో కలిపి నోట్లో పెట్టడం ఒక ప్రేమ పద్ధతి అనీ, దాన్ని తప్పుపట్టకుండానే పిల్ల చేతికి చెంచా అందించవచ్చనీ అక్కడ నేర్పుతారు. పిల్ల పోగొట్టుకున్నది పప్పన్నం కలిపిన చెయ్యి. మొదటి నాలుగు రోజులు ఆ పిల్ల పక్కన కూర్చుని, తెలుగులో మాట్లాడుతూ, మొదటి ముద్ద నేను పెట్టి రెండోది తన చేతికిస్తే, రెండో వారానికి తానే తింటుంది. నేర్పింది కాలేజీయే. ఆ పిల్లకు అర్థమయ్యేలా చేయగలిగింది తెలుగు తెలిసిన మనిషి.

తల్లిదండ్రులు సాయంత్రం వచ్చి అడిగే మొదటి ప్రశ్న "ఈరోజు ఏం నేర్పారు?" "ఆడుకుంది" అంటే ముఖం చిన్నబోతుంది. ఇంతింత ఫీజు కడుతుంటే ఆటలేనా, మా అన్న కొడుకు హైదరాబాదులో ఎల్‌కేజీకే మూడు భాషల అక్షరాలు రాసేస్తున్నాడు అంటారు. నేను ఆ తల్లిదండ్రుల్ని తప్పుపట్టను. మనం పోటీ పరీక్షల మీద పెరిగినవాళ్ళం. కానీ మన ఇళ్ళల్లో గుజ్జనగూళ్ళు ఆడుకున్న పిల్ల ఏం నేర్చుకుందో ఒకసారి ఆలోచించండి. చింతగింజలు కొలిచింది, పంచింది, వంతులేసుకుంది, లేని పొయ్యి ఉన్నట్టు ఊహించుకుంది, "నువ్వు అమ్మవి, నేను చుట్టాన్ని" అని తోటి పిల్లతో ఒప్పందం చేసుకుంది. ఆ ఆటకు కావలసిన చోటు, వస్తువులు, సమయం ఎలా అమర్చాలో, పెద్దవాళ్ళు ఎప్పుడు కలగజేసుకోవాలో, ఎప్పుడు నోరు మూసుకుని ఉండాలో మేము ఒక సెమిస్టర్ పాటు చదువుతాం. చివరిది అన్నిటికన్నా కష్టం.

లెక్కలు కావాలనేవారికి ఒకటి చెబుతాను. మిషిగన్ రాష్ట్రం ఇప్సిలాంటిలో 1962లో పెర్రీ ప్రీస్కూల్ అధ్యయనం మొదలైంది. పేద నల్లజాతి కుటుంబాల పిల్లలు 123 మంది. కొందరికి మంచి ప్రీస్కూల్ ఇచ్చారు, మిగతావాళ్ళకు లేదు. రెండు గుంపులనూ 40 ఏళ్ళ వయసు దాకా అనుసరించారు. ప్రీస్కూల్‌కి వెళ్ళినవాళ్ళ ఐక్యూ మొదట్లో పెరిగి, కొన్నేళ్ళకు ఆ తేడా చెరిగిపోయింది. కానీ హైస్కూల్ పూర్తిచేసినవాళ్ళు వీళ్ళలోనే ఎక్కువ, సంపాదనా ఎక్కువ, అరెస్టులు తక్కువ. ఆ పిల్లల పరిస్థితికీ మన పిల్లల పరిస్థితికీ పోలిక లేదు, అందుకే ఆ అంకెలు తెచ్చి మన పిల్లలకు అంటించను. నేను అందులోంచి తీసుకున్నది ఒక్కటే: నాలుగేళ్ళప్పుడు పరీక్షలో కనిపించే మార్కు నిలవకపోయినా, మంచి టీచర్ దగ్గర గడిపిన కాలం నిలుస్తుంది. ఆ పిల్లల టీచర్లు చదువుకున్న టీచర్లు.

ఉద్యోగం మెట్లు కూడా మీరు సదస్సులో ఒక స్లైడ్ మీద చెప్పగలిగినంత స్పష్టంగా ఉన్నాయి. నేను చదువుకున్నప్పటి నియమాల ప్రకారం, మూల కోర్సులతో కలిపి 12 యూనిట్లు, 50 రోజుల అనుభవం ఉంటే రాష్ట్ర టీచర్ క్రెడెన్షియలింగ్ కమిషన్ నుంచి అసోసియేట్ టీచర్ పర్మిట్ వస్తుంది. 24 యూనిట్లు, వాటికి తోడు 16 జనరల్ ఎడ్యుకేషన్ యూనిట్లు, 175 రోజుల అనుభవం ఉంటే టీచర్ పర్మిట్. పైన మాస్టర్ టీచర్, సైట్ సూపర్‌వైజర్, ప్రోగ్రామ్ డైరెక్టర్ ఉన్నాయి. ఆ 16 యూనిట్ల దగ్గర మన పాత డిగ్రీలు అక్కరకొస్తాయి. బీటెక్‌లో చదివిన గణితం, సైన్స్, ఇంగ్లీషు లెక్కకు రావచ్చు, సాహిత్యం కళల విభాగంలో ఒక కోర్సు తక్కువపడొచ్చు. 2025-26 విద్యా సంవత్సరం నుంచి కాలిఫోర్నియాలో సెప్టెంబర్ 1 నాటికి నాలుగేళ్ళు నిండిన ప్రతి పిల్లకూ ప్రభుత్వ బడిలో కిండర్‌గార్టెన్ కన్నా ఒక ఏడాది ముందరి తరగతి, ట్రాన్సిషనల్ కిండర్‌గార్టెన్ అందుబాటులోకి వచ్చింది. పది మంది పిల్లలకు ఒక పెద్ద మనిషి చొప్పున ఉండాలి. అక్కడ ప్రధాన టీచర్‌కి బడిలో బోధించడానికి రాష్ట్రం ఇచ్చే టీచింగ్ క్రెడెన్షియల్‌తో పాటు 24 యూనిట్ల బాల్య విద్య, లేదా దానికి సమానమైనది, అడుగుతున్నారు. అంటే కమ్యూనిటీ కాలేజీలో మొదలుపెట్టినది స్కూల్ డిస్ట్రిక్ట్ జీతం దాకా వెళ్ళగల దారి.

జీతం మాట వచ్చింది కాబట్టి దాచకుండా చెబుతాను. ప్రైవేటు ప్రీస్కూళ్ళలో జీతం తక్కువ. మీ ఇళ్ళల్లో సాఫ్ట్‌వేర్ జీతాలతో పోలిస్తే చాలా తక్కువ. అందుకే భర్తలు "నీకొచ్చేది మన పాప డేకేర్ ఫీజుకే సరిపోదు, ఎందుకీ తిప్పలు" అంటారు, నిజమే చెబుతారు. తల్లిదండ్రులకు ఫీజు మోయలేనంత ఎక్కువ, టీచర్‌కి జీతం బతకలేనంత తక్కువ. ప్రైవేటు కేంద్రంలో పన్నెండు మంది ప్రీస్కూల్ పిల్లలకు ఒక టీచర్, నలుగురు పసిపిల్లలకు ఒకరు ఉండాలని లైసెన్సు నిబంధన. ఉండి తీరాలి, తగ్గించమని నేను అడగను. నలుగురి ఫీజులోంచి ఒక జీతం, అద్దె, బీమా అన్నీ రావాలంటే మంచి జీతం ఎక్కడినుంచి వస్తుంది? ప్రభుత్వం డబ్బు పెడితేనే వస్తుంది. అది అడగాల్సింది రాష్ట్ర రాజధాని శాక్రమెంటోలో. మనం వీసాల గురించి వాషింగ్టన్ దాకా వెళ్ళాం, దీని గురించి శాక్రమెంటో దాకా వెళ్ళలేమా?

ఇక మా దారిలో ఉన్న అడ్డంకులు. ప్రాక్టికం, అంటే పిల్లల గదిలో ఉండి చేసే శిక్షణ, చేయాలంటే క్షయ లేదని రుజువు, మీజిల్స్, కోరింత దగ్గు టీకాల రుజువు అడుగుతారు. చిన్నప్పుడు బీసీజీ వేయించుకున్న మనకు చర్మం మీద చేసే క్షయ పరీక్షలో ఒక్కోసారి పాజిటివ్ రావచ్చు. అది చూసి భయపడి చదువు ఆపేసినవాళ్ళున్నారు. రక్త పరీక్షో ఛాతీ ఎక్స్‌రేనో చేయించుకుని క్షయ లేదని తేలితే సరిపోతుంది. చిన్నప్పటి టీకాల కార్డు పుట్టింట్లో ఏ ట్రంకు పెట్టెలో ఉందో తెలియనివాళ్ళు రక్త పరీక్షతో మీజిల్స్ రోగనిరోధకత చూపించవచ్చు. పాత డిగ్రీ లెక్కకు రావాలంటే డిగ్రీ మార్కుల ట్రాన్‌స్క్రిప్టులు విశ్వవిద్యాలయం నుంచి సీల్ వేసిన కవర్లో తెప్పించాలి. అక్కడ నాన్నో తమ్ముడో పరీక్షల విభాగం చుట్టూ తిరగాలి, ఎవరూ లేనివాళ్ళ పని ఆగిపోతుంది.

అన్నిటికన్నా పెద్ద అడ్డంకి పని అనుమతి. భర్త గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టిన ఐ-140 ఆమోదం పొందిన హెచ్-4 వాళ్ళకు 2015 మే నుంచి పని అనుమతి కార్డు, ఈఏడీ, ఇస్తున్నారు. అది లేనివాళ్ళు చదవొచ్చు, పని చేయకూడదు. కోర్సులో భాగమైన ప్రాక్టికం సంగతేమిటి, జీతం లేకుండా వెళ్ళొచ్చా అని ప్రతి సెమిస్టర్ ఎవరో ఒకరు కంటతడితో అడుగుతారు. జీతం తీసుకోకపోతే చాలనుకోవడం ప్రమాదం. ఉద్యోగి చేయాల్సిన పని ఊరికే చేసినా చిక్కు రావచ్చు. దానికి తోటి విద్యార్థిని జవాబు చెప్పకూడదు, లాయర్ చెప్పాలి. మీ మహాసభల్లో ఇమ్మిగ్రేషన్ లాయర్లు ఉచితంగా కూర్చుంటారు. వాళ్ళలో ఒకరికి ఈ ప్రశ్నలు ముందుగా పంపి, జవాబులు తెలుగులో రాయించి అందరికీ పంచండి. అది ఒక్కటే చేసినా ఎంతోమంది మధ్యలో ఆగిపోకుండా ఉంటారు.

మరో మాట కొంచెం కటువుగా అనిపించవచ్చు. మీ గ్రూపుల్లో రోజూ కనిపించే ప్రశ్న: "మా పాపను ఇంటి దగ్గర చూసుకునే తెలుగువారు ఎవరైనా ఉన్నారా, ఇంటి భోజనం పెట్టేవారైతే మంచిది." దానికింద నాలుగు ఫోన్ నంబర్లు. లైసెన్సు ఉందా అని ఎవరూ అడగరు. తన పిల్లలతో పాటు ఇంకొక్క కుటుంబం పిల్లల్ని చూసుకుంటే కాలిఫోర్నియాలో లైసెన్సు అక్కర్లేదు. రెండో కుటుంబం పిల్లలు చేరితే కావాలి. చిన్న లైసెన్సుకి గరిష్ఠంగా ఎనిమిది మంది, పెద్దదానికి పధ్నాలుగు మంది పిల్లలు. వేలిముద్రలు, ఆరోగ్యం భద్రత మీద శిక్షణ, సీపీఆర్ తప్పనిసరి. లైసెన్సు లేకుండా చూసుకునే ఆ పిన్నిగారు మంచావిడే కావచ్చు. పిల్ల గొంతులో ద్రాక్షపండు ఇరుక్కున్నప్పుడు మంచితనం చాలదు. లైసెన్సు లేని ప్రకటనలు గ్రూపుల్లో పెట్టనివ్వకండి, ఆ పిన్నిగారికి లైసెన్సు తీసుకునే దారి చూపించండి. ఆవిడకూ మేలే.

మీ కార్యక్రమాల్లో పిల్లల గది ఉంటుంది. తల్లిదండ్రులు హాల్లో నృత్యాలు చూస్తుంటే పిల్లలు అక్కడ టాబ్లెట్ల ముందు ఉంటారు. ఆ గదిని పని అనుమతి ఉన్న ఈ విద్యార్థినులకు అప్పగించి, గాయకులకు ఇచ్చినట్టే వాళ్ళకూ పారితోషికం ఇవ్వండి. ఆదివారం తెలుగు బడుల్లో ఉచితంగా పాఠాలు చెప్పే తల్లులున్నారు. వాళ్ళలో ఇష్టపడ్డవాళ్ళకు పిల్లల ఎదుగుదల మీద ఒక్క కోర్సు ఫీజు, ఆ 138 డాలర్లు, సంఘం కడితే ఐదేళ్ళ పిల్లల చేత అక్షరాలు దిద్దించే పద్ధతే మారిపోతుంది.

చివరిది, నేను గట్టిగా అడిగేది. కమ్యూనిటీ కాలేజీల్లో ఉద్యోగ విద్యా విభాగాలకు సలహా సంఘాలు ఉంటాయి. చుట్టుపక్కల పనిచేసేవాళ్ళు, స్థానికులు అందులో కూర్చుని ఏ కోర్సు ఏ వేళకు కావాలో, ప్రాక్టికం ఎలా ఉండాలో చెబుతారు. నేను వెళ్ళిన సమావేశంలో తెలుగువాళ్ళు ఎవరూ లేరు. ప్రాక్టికం దాదాపు అంతా పగటి పూటే. ఇంట్లో చిన్నపిల్ల ఉన్న తల్లికి పగలు రావడం కుదరదు. అలా 21 యూనిట్లు చదివి చివరి మూడు పూర్తిచేయలేక మిగిలిపోయినవాళ్ళున్నారు. మీ ప్రాంతంలో కాలేజీ బాల్య విద్య విభాగానికి సంఘం పేరు మీద ఒక లేఖ రాసి, ఆ సలహా సంఘంలో ఒక కుర్చీ అడగండి. శనివారం ప్రాక్టికం, ప్రాక్టికం వేళ విద్యార్థినుల పిల్లల్ని చూసుకునే ఏర్పాటు అడగండి. ఒక్క విద్యార్థిని అడిగితే ఓపిగ్గా విని పంపేస్తారు. వేలమంది సభ్యులున్న సంఘం అడిగితే మినిట్స్‌లో రాసుకుంటారు.

మీ తర్వాతి కార్యవర్గ సమావేశంలో ఇది చర్చకు పెట్టండి. పిలిస్తే నేనూ నాతో చదివినవాళ్ళూ వచ్చి, ఏ ఫారం ఎక్కడ ఇవ్వాలో, ఏ కాలేజీలో ఏ కోర్సు ఎప్పుడు మొదలవుతుందో వివరంగా చెబుతాం. శనివారం పెడితే మేలు. మిగతా రోజుల్లో సాయంత్రం ఆరు దాకా పిల్లలు మా దగ్గరే ఉంటారు.

ఇట్లు,
ఈస్ట్ బే నుంచి ఒక ప్రీస్కూల్ టీచర్